వదిలేసిన కాలు

నాయుడుపేట,
18-1-1965.

తమ్ముడు హజరత్తయ్యకు హుస్సేన్ సాహెబ్ సలాము.

ఈ ఉత్తరంతో పాటు కుడికాలి చెప్పు పంపుతున్నాను. మీ దొరవారిసత్రం నుంచి సంతకు వచ్చిన మనిషి చేతికి ఇచ్చాను. వాడు ఎక్కడైనా తాగి పారేసుకోకపోతే నీకు చేరుతుంది. ఎడమది నేను తొడుక్కున్నాను. ఈసారి తోలు గట్టిది. కిందటేడు పంపినదాన్ని ఆరు నెలల్లో అరగదీసినానని రాశావు. ఒంటికాలితో అంత నడక ఎక్కడ నడుస్తావో నాకు తెలియదు. ఏడేళ్ళుగా ఇద్దరం ఒక జతతో నెట్టుకొస్తున్నాం. చెప్పులు కుట్టే చిన్నపోలయ్య నన్ను చూస్తే నవ్వుతాడు. "రెండో కాలు సత్రంలో ఉండాదా సాయిబూ?" అంటాడు. ఉండాదిలే, నీ పని నువ్వు చూసుకో అంటాను.

రంజాను నెల కదా, కుట్టుపని మెడదాకా ఉంది. ఈ సందట్లో నా కాలు నన్ను సతాయిస్తోంది. ఉన్న కాలు కాదు, లేని కాలు. మధ్యాహ్నం పన్నెండు దాటితే మొదలు. మోకాలి కింద, ఏమీ లేని చోట, మంట. తిమ్మిరి కాదు, పోటు కాదు. పొయ్యిలో పెట్టినట్టు ఉంటుంది. ముందు వేళ్ళు, తరువాత మడమ, తరువాత పిక్క. పొద్దు వాలి అసర్ నమాజు వేళకు చల్లారుతుంది. ఇదివరకూ అప్పుడప్పుడూ వచ్చేది, ఈ ఏడు రోజూ వస్తోంది. మిషను ఆపేసి గోడకు ఆనుకుని కూర్చుంటాను. మా జమాల్‌బీ చెంబుతో నీళ్ళు తెచ్చి, కాలు ఉండాల్సిన చోట ఉత్త నేల మీద పోస్తుంది. అది చూస్తే నాకు నవ్వు రావాలి. రాదు.

డాక్టరు నరాలన్నాడు. ఖబరస్తాన్‌లో గోరీలు తవ్వే షావలి ఫకీరు వేరే మాట అన్నాడు. నా కాలు పూడ్చిన రోజు తొందరలో గుంట చిన్నది తీసినాడంట, మూట వంకరగా పట్టించి మట్టి వేసినారంట. "వేళ్ళు ముడుచుకోని ఉంటాయి సాయిబూ. తీసి సరిగా చాపి పెడితే పోతాది" అంటున్నాడు.

నీకు తెలుసు, మా నాయన గోరీ పక్కనే నా కాలు ఉంది. బస్సులో సీటుకు తుండుగుడ్డ వేసినట్టు అది ముందుగా పోయి నాకు జాగా పట్టింది. రేపు నేను పోయి దాని పక్కన పడుకుంటే మొత్తం మనిషినవుతాను. కయామతు నాడు, గోరీల్లోంచి అందరూ లేచే రోజున, రెండు కాళ్ళ మీద లేస్తాను. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ధైర్యంతోనే ఉన్నాను. మొన్న కార్తీకం వానలకు అక్కడ మోకాటి లోతు నీళ్ళు నిలిచినాయి. నీళ్ళలో ఉన్న కాలు మండడమేంటో చెప్పు.

నీ కాలు నిన్ను ఏమైనా అంటుందా? దాచకుండా రాయి.

నీ అన్న,
హుస్సేన్ సాహెబ్


దొరవారిసత్రం,
2-2-1965.

సాహెబు అన్నకు హజరత్తయ్య నమస్కారాలు.

చెప్పు చేరింది. కొలత సరిగ్గా ఉంది. వదినకు, నీకు పండగ శుభాకాంక్షలు.

నువ్వు అడిగినావు కాబట్టి రాస్తున్నాను. నా కాలు మండదు. నాది చలి. బురద మడిలో దిగబడినట్టు బరువుగా, చల్లగా ఉంటుంది. కార్తీకంలో మరీ ఎక్కువైంది, వేళ్ళు నీళ్ళలో నానినట్టు. ఎర్రటి ఎండలో మంచం మీద పడుకుని కాలికి దుప్పటి కప్పమంటే మా చెంచులక్ష్మి "ఏ కాలికి?" అంటుంది. ఆ సంగతి వదిలేద్దాం.

నేనిప్పుడు నిమ్మతోటకు కాపలా. పొద్దస్తమానం మంచం మీదే. చూడటానికి ఏమీ లేక సాలెపురుగుల్ని చూస్తున్నాను. నవ్వొద్దు. మా కొట్టం గోడ మీద అరచేయంత సాలెపురుగు ఒకటి ఉంది. మొన్న బల్లి దాని కాలు పట్టుకుంది. పెనుగులాడుతుందనుకున్నాను. అది ఒక్క క్షణం ఆగి, ఆ కాలు వదిలేసి పోయింది. బల్లి తెంపలేదన్నా, అదే వదిలింది. ఒంటికి దగ్గర కణుపులో ఊడి వచ్చింది. నీళ్ళచుక్కంత తడి, అంతే. బల్లి నోట్లో ఆ కాలు ఇంకా తన్నుకుంటూ ఉంది. ఎవరిదో తెలియని కాలు, తనంతట తాను. చాలాసేపు తన్నుకుంది.

సాలెపురుగు రెండు రోజులు దూలం సందులో కదలకుండా ఉండింది. మూడో రోజు బయటికొచ్చింది. మిగిలిన ఏడు కాళ్ళనూ కాస్త అటూ ఇటూ జరిపి పెట్టుకుని, ఖాళీ కనపడకుండా నడుస్తోంది. పట్టి చూస్తే గానీ తెలియదు. కాలు పోయిన వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

మనం కూడా అట్లా ఉండాలి. షావలి మాట వినొద్దు. మట్టిలో పెట్టినదాన్ని కదిలించడం మంచిది కాదు. తవ్వొద్దన్నా, నా మాట విను.

నీ తమ్ముడు,
హజరత్తయ్య


నాయుడుపేట,
20-2-1965.

తమ్ముడు హజరత్తయ్యకు,

భలే పనే పట్టినావు. ఇంటికో మనిషి పులికాట్‌లో వలేసి రొయ్యలు తెస్తుంటే, నువ్వు సాలెపురుగుల కాళ్ళు చూస్తూ కూర్చున్నావు. ఆ సరస్సులో కొంగలు కూడా ఒంటికాలి మీదే నిలబడతాయి, వాటినీ చూసి రాయి.

నువ్వెప్పుడూ అంతే. ఆసుపత్రిలో పక్క మంచం మీద నేను కాలు పోయిందని ఏడుస్తుంటే, నువ్వు బొటనవేలి రాగిచుట్టు పోయిందని ఏడ్చినావు. "అమ్మ దర్గాలో మొక్కుకుని వేసిన చుట్టు, దాంతోనే నాకు ఈ పేరు, అది కాలితో పోయిందే" అని. నర్సమ్మ ఎలిశబెతు నిన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వుతోనే మనిద్దరం కలిసినాం. లేకపోతే గూడూరు బస్సులో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన నువ్వెవరో నేనెవరో. కల్వర్టు మీద బస్సు బోల్తా కొట్టినప్పుడు ఒకే ఇనప కమ్మీ కింద నా కుడికాలు, నీ ఎడమకాలు ఇరుక్కున్నాయి. నువ్వు నా కుడి పక్కన కాకుండా ఎడమ పక్కన కూర్చుని ఉంటే మనకు చెప్పులు కుదిరేవి కావు.

సరే, నీ పురుగు సంగతి అడుగుతాను, జవాబు రాయి. దానికి ఆ కాలు మళ్ళీ వస్తుందా? పోయిన కాలు దానికి నొప్పి పెడుతుందా? ఎట్లా కనుక్కుంటావో నాకు తెలియదు. కనుక్కో.

ఇక్కడ మంట తగ్గలేదు. పండగకు ముందు ఒక పెళ్ళికొడుకు షేర్వాణీ కుడుతూ మంట ఆపుకోలేక గుడ్డ అడ్డంగా కోసేసినాను. ఇరవై ఏళ్ళలో నేను గుడ్డ చెడగొట్టడం అదే మొదలు. ఇమాము గారు తవ్వడానికి వీల్లేదన్నారు. షావలి మాత్రం నేను ఊ అంటే చాలంటున్నాడు. నేను ఊ అనబోతున్నాను. నువ్వు వద్దన్నావు, ఎందుకు వద్దో రాయలేదు.

హుస్సేన్ సాహెబ్


దొరవారిసత్రం,
14-3-1965.

అన్నకు,

వారం రోజులు కనిపెట్టి కూర్చుని ఇది రాస్తున్నాను.

కాలు వస్తుంది. పాము కుబుసం విడిచినట్టు సాలెపురుగు కూడా పాత చర్మం విడుస్తుంది. తోటలో ఒక చిన్నది విడిచింది. విడిచేసరికి పోయిన కాలి చోట కొత్త కాలు, సన్నగా, పొట్టిగా, దారప్పోగు మాదిరి. అయితే ఇది ఎదిగే వయసులో ఉన్నవాటికే. పెద్దవైనాక చర్మం విడవవు, కాలూ రాదు. కొట్టంలోని ముసలిది ఏడు కాళ్ళతోనే ఉంది. నిమ్మకొమ్మల్లో ఒకదానికి అయిదే ఉన్నాయి. గూడు మాత్రం ఎప్పటిలాగే అల్లుతోంది, ఈగలు పడుతున్నాయి, తింటోంది. ఏం తక్కువైంది దానికి?

ఇంకొకటి చూశాను. కందిరీగ ఒకదాని కాలి మీద కుట్టింది. కుట్టిన కాసేపటికి అది ఆ కాలిని తనే ఊడదీసి పడేసింది. విషం ఒంట్లోకి ఎక్కకముందే. మన డాక్టరు చేసింది కూడా అదే. కుళ్ళు పైకెక్కకుండా తీసేసినాడు. అక్కడితో అయిపోవాల్సింది. మనవాళ్ళు అక్కడితో ఊరుకోలేదు. కాలు ఇంటికి తీసుకుపోతామని ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు, మీ బావమరిదీ, మా ఓబులేసన్నా. సాలెపురుగు ఆ పని చేయదు.

నొప్పి సంగతి నాకు తెలియలేదు. ఖాళీ కణుపును అప్పుడప్పుడూ నోటి దగ్గరికి తెచ్చుకుని తడుముకుంటుంది. అది నొప్పో, అలవాటో.

ఎందుకు వద్దో రాయమన్నావు. ఏడేళ్ళు దాటినాక ఏం మిగులుతాయి అక్కడ? బొమికలు. వాటిని చూస్తే నీ మనసు చెడుతుంది. నీకు నా మీద ప్రేమ ఉంటే తవ్వొద్దు. కావాలంటే దర్గాకు పోయి రా, నా పేరు మీద కూడా చక్కెర పంచు. తవ్వొద్దు.

హజరత్తయ్య


నాయుడుపేట,
3-4-1965.

హజరత్తయ్య గారికి,

నిన్న శుక్రవారం నమాజు అయినాక తవ్వించాను. షావలి తవ్వినాడు, నేను గట్టు మీద కూర్చున్నాను. గుడ్డ చివికిపోయింది, బొమికలున్నాయి. వేళ్ళు నిజంగానే ముడుచుకుని ఉన్నాయి. మట్టి దులుపుతుంటే బొటనవేలి బొమిక చుట్టూ పచ్చగా చిలుం పట్టిన రాగిచుట్టు ఒకటి కనిపించింది.

నేను ఎన్నడూ కాలికి చుట్టు పెట్టుకోలేదు.

మా నాయన పక్కన ఏడేళ్ళుగా పడుకుని ఉన్నది మీ ఎడమకాలు. నేను ప్రతి శుక్రవారం పోయి ఫాతెహా చదివింది దానికి. మీరు తవ్వొద్దని మూడుసార్లు రాశారు. అంటే మీకు తెలుసు.

నా కాలు ఎక్కడ? ఆ ఒక్క మాట రాయండి. సాలెపురుగుల సంగతి అక్కర్లేదు.

హుస్సేన్ సాహెబ్


దొరవారిసత్రం,
9-4-1965.

అన్నకు,

నాకు తెలుసు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచీ తెలుసు.

ఆ రోజు వరండాలో రెండు మూటలూ ఒకే రకం గోనెపట్టాలో చుట్టి పక్కపక్కన పెట్టి ఉన్నాయంట. మీ బావమరిది ముందు వచ్చి ఒకటి తీసుకున్నాడు. మిగిలింది మా అన్న తీసుకున్నాడు. ఎవరూ విప్పలేదు. విప్పి చూసే ధైర్యం ఎవరికి ఉంటుంది? మీవాళ్ళు గోనె మీదే కఫన్ గుడ్డ చుట్టి పూడ్చినారు. మావాళ్ళు పూడ్చరు. కర్మ జరగని కాలు మనిషిని వెతుక్కుంటూ ఇంటి చుట్టూ తిరుగుతుందని మా అన్నకు భయం. అందుకని చెరువు గట్టు కింద, మావాళ్ళను పెట్టే చోట, నాలుగు తుమ్మ మొద్దులు పేర్చి నిప్పు పెట్టినాడు.

గోనె కాలిపోయినాక చూశాడంట. అది కుడికాలు. చుట్టు లేదు. నాది పోయింది ఎడమది. అప్పటికి వేళ్ళు పోయినాయి, మడమ అంటుకుంది. బయటికి లాగబోయి చేయి కాల్చుకున్నాడు. ఇక లాగి ఏం చేయాలో తెలియక అక్కడే కూలబడినాడు. "సగం కాలినదాన్ని ఆ సాయిబుకు ఎట్ట ఇచ్చేది రా?" అని నా దగ్గర ఏడ్చినాడు. ఆ మచ్చ ఆయన చనిపోయేదాకా చేతికి ఉండింది. ఆయన పోయి రెండేళ్ళయింది.

నిప్పు పెట్టింది మధ్యాహ్నం పన్నెండు దాటినాక. పొద్దు వాలేదాకా కాలింది. ముందు వేళ్ళు, తరువాత మడమ, తరువాత పిక్క. నీ జనవరి ఉత్తరం చదివి నేను కొట్టంలోకి పోయి తలుపేసుకున్నాను.

ఎందుకు చెప్పలేదంటావా. ఆసుపత్రిలో ఒకరోజు నువ్వే అన్నావు. "పాములన్నా, పిడుగన్నా నాకు భయం లేదు తమ్ముడూ, పోయినాక నిప్పు మాత్రం తగలకూడదు, మాకు నిప్పంటే వేరే అర్థం, అది నరకం" అని. ఆ మాట విన్న మనిషి నీకు ఎట్లా చెప్తాడు? మొదటి ఏడు చెబుదామనుకున్నాను. అప్పుడే నీ మొదటి చెప్పు వచ్చింది. చెప్తే రెండోది రాదని భయపడ్డాను. సిగ్గు లేకుండా ఉన్నమాట రాస్తున్నాను. ఈ లోకంలో నా కాలికి జత నీ దగ్గరే ఉంది.

తప్పు నాది. క్షమించమని అడగను.

హజరత్తయ్య


నాయుడుపేట,
20-11-1965.

హజరత్తయ్యకు,

ఏడు నెలలు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. నీ పేరు ఎత్తితే జమాల్‌బీ లేచి లోపలికి పోయేది. చిన్నపోలయ్య రెండుసార్లు అడిగినాడు, జత కుట్టనా అని. ఒకటే కుట్టమన్నాను. అట్లా కుట్టనన్నాడు, వాళ్ళలో అది మంచిది కాదంట.

తవ్వించిన రోజుది నీకు రాయని సంగతి ఒకటి ఉంది. చుట్టు చూడగానే నేను ఆ బొమికల్ని గోడ అవతలికి విసరమన్నాను. షావలి వాటిని ఒళ్ళో పెట్టుకుని, "ఎవరిది సాయిబూ?" అన్నాడు. నా నోటికి అబద్ధం రాలేదు. మా తమ్ముడిది అన్నాను. ఆ మాట వచ్చినాక ఇంకేం విసురుతాను? నేనే గుంట పక్కకు పాకి, పొడుగ్గా తీయించి, ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటీ చాపి పెట్టినాను. చుట్టు తీయలేదు, అది మీ అమ్మ వేసింది. మీద మట్టి వేసేటప్పుడు కోపంతో నిన్ను తిడుతూనే ఉన్నాను. నీ కాలు మాత్రం సరిగానే ఉంది. గట్టు కూడా ఎత్తు చేయించాను, వాన నీళ్ళు నిలవవు.

నా కాలు మండుతూనే ఉంది. ఇప్పుడు ఎందుకో తెలుసు కాబట్టి ఇంకా మండుతోంది. రెండు కాళ్ళ మీద లేస్తానన్న ధైర్యం పోయింది. ఇమాము గారు, లేపేవాడికి మట్టైనా బూడిదైనా ఒకటే, ఆయన చేయలేనిదేముంది అన్నారు. అది నమ్ముతాను. నమ్మినా మధ్యాహ్నం అవుతుందంటే ఒళ్ళు చల్లబడిపోతుంది.

మొన్న నా మిషను చక్రం మీద సాలెపురుగు కనిపించింది. వద్దనుకుంటూనే కాళ్ళు చూశాను. ఆరు. దాన్ని పోనిచ్చి చక్రం తిప్పినాను. నీ మీద ఎంత కోపమున్నా నువ్వు నేర్పింది పోవడం లేదు. దానికి అమ్మా లేదు, బావమరిదీ లేడు, వదిలేసిన కాలును ఇంటికి మోసుకొచ్చే అన్న లేడు. అందుకే సుఖంగా ఉంది. మనకు ఉన్నారు. వాళ్ళు ప్రేమతో చేసినదానికి మనం కాలుతున్నాం, నానుతున్నాం.

ఒకటి అడుగుతాను. నిప్పు పెట్టిన చోటి మట్టి గుప్పెడు పంపు. నా జాగాలో వేస్తాను. ఉన్నదేదో ఒక చోటికి చేరనీ.

హుస్సేన్ సాహెబ్


దొరవారిసత్రం,
1-12-1965.

అన్నకు,

నీ ఉత్తరం చెంచులక్ష్మికి చదివి వినిపించాను. ఆమె విని, నన్నే చూస్తూ, "ఆ పొద్దు చెప్పినావే" అంది. నేను మరచిపోలేదు. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం, మధ్యాహ్నం దాటినాక, నిమ్మచెట్ల కింద మంచం మీద ఉన్నాను. లేని కాలి వేళ్ళు తెరుచుకున్నాయి. ఒక్కొక్కటిగా, చిటికెన వేలు ఆఖరున. ఎవరో నెమ్మదిగా విప్పినట్టు. నేను గట్టిగా అరిచినానంట, ఆమె కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చింది. నీ కోపం నాకు తెలియలేదన్నా. చేతులే తెలిసినాయి. ఈ కార్తీకంలో వానలు ఎంత పడినా నాకు చలి లేదు.

మట్టి మనిషి చేతికి ఇచ్చి పంపను. అది ఇంకోసారి మారిపోకూడదు. నేనే తెస్తాను. బోల్తా పడిన రోజు నుంచి నేను బస్సు ఎక్కలేదు, నీకు తెలుసు. చప్పుడు వింటేనే చెమటలు పడతాయి. ఎల్లుండి శుక్రవారం పొద్దున బస్సు ఎక్కుతాను. ఖబరస్తాన్‌లోకి నన్ను రానిస్తారో లేదో షావలిని అడిగి ఉంచు. రానివ్వకపోతే గోడ బయట నిలబడతాను.

చెరువు గట్టు కిందికి ఆదివారం పోయినాను. చంకకర్ర బురదలో దిగబడుతుంటే పాక్కుంటూ పోయినాను. మా అన్న కూలబడిన చోటు చూపించే మొద్దు ఇంకా ఉంది. పది రోజులుగా ముసురు, చుట్టూ అంతా నీళ్ళు, ఆ జానెడు చోటు మాత్రం పొడిగా ఉంది. అయిదు కాళ్ళ సాలెపురుగు ఒకటి మొద్దుకూ గడ్డికీ మధ్య గూడు అల్లుకుని ఉంది. దాన్ని తెంపకుండా కింద నుంచి చేయి పెట్టి మట్టి తీశాను.

కొత్త గుడ్డలో కట్టి ఇంట్లో గూట్లో పెట్టినాను. నీకు ఇది చెప్పాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. ఇక నీ దగ్గర ఏదీ దాచను. అది వెచ్చగా ఉందన్నా. తీసి మూడు రోజులైనా, బయట వాన పడుతున్నా, మూట వెచ్చగానే ఉంది. చెంచులక్ష్మి ముట్టుకుని చేయి వెనక్కి తీసుకుంది.

వదినను నీళ్ళ చెంబు తెమ్మను. ఈసారి ఉత్త నేల మీద పోయనక్కర్లేదు.

నువ్వు స్టాండు దగ్గరికి వస్తే నన్ను గుర్తుపట్టడం కష్టం కాదు. నీ చెప్పు అరిగి తెగి నాలుగు నెలలైంది, కుడికాలికి ఏమీ లేకుండా దిగుతాను. మూట ఒళ్ళో పెట్టుకుని వస్తాను. మధ్యాహ్నం పన్నెండు కాకముందే దాన్ని చల్లటి మట్టిలో దించెయ్యాలి.

నీ తమ్ముడు,
హజరత్తయ్య